కామాటిపురకు కమ్యూనికేషన్ తక్కువట!

తొంభై రోజుల్లో ఇంగ్లీషు. తొంభై ఒకటో రోజు ఫైవ్‌స్టార్ హోటల్లో ఉద్యోగం. ఫీజు వాయిదాల మీద కట్టుకోవచ్చు. గ్రాంట్ రోడ్ నుంచి ముంబై సెంట్రల్ దాకా, కామాటిపుర గల్లీల్లో ఏ చాల్ మెట్లెక్కినా గోడకు ఇలాంటి కాగితం ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద టై కట్టుకున్న పిల్లవాడు, మెడకు రుమాలు చుట్టుకున్న పిల్ల, వెనక విమానం, పక్కన తెల్లటి ఓడ. ఆ కాగితం కిందే వరసగా నీళ్ళ డ్రమ్ములు, ఏ డ్రమ్ము ఎవరిదో తెలియడానికి పెయింటుతో రాసుకున్న ఖోలీ నంబర్లు. నల్లా వచ్చే వేళకు లేచి డ్రమ్ము నింపిన పిల్లవాడు ఆ మెట్ల మీదే నిలబడి విమానం వంక చూస్తాడు. టూరిజం అంటే అతనికి తెలిసిన బొమ్మ అదే.

ఆ కాగితాన్ని చింపే ముందు ఒక న్యాయం చెప్పుకోవాలి. ఇంగ్లీషు అక్కర్లేదని ఉపన్యసించే వాళ్ళందరికీ ఇంగ్లీషు వచ్చి ఉంటుంది. ఉగాది సభలో మైకు పట్టుకుని మాతృభాష కోసం కళ్ళు తుడుచుకునే పెద్దమనిషి పిల్లలు ఏ మీడియంలో చదివారో ముంబై తెలుగువాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. కాబట్టి కామాటిపుర పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవలసిందే. నా తగాదా అంతా ఆ పేరు పెట్టి అమ్ముతున్న సరుకుతో.

ఏమిటా సరుకు? మొదటి వారమంతా నవ్వు నేర్పుతారు. పళ్ళు ఎన్ని కనబడాలి, తల ఎంత వంచాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి. రెండో వారం ‘గుడ్ మార్నింగ్ సర్, హౌ మే ఐ హెల్ప్ యూ’. మూడో వారం ‘సర్టెన్లీ సర్’, ‘మై ప్లెజర్ మేడమ్’. నాలుగో వారం క్షమాపణలు. గది చల్లగా లేకపోతే ఒక సారీ, సూపు చల్లగా ఉంటే ఇంకో సారీ, అతిథి తన తాళం తానే పారేసుకుంటే అన్నిటికంటే పెద్ద సారీ. మూడు నెలల పాఠాలు తిరగేసినా ‘ఎందుకు?’ అని అడిగే వాక్యం ఒక్కటి తగలదు. ‘నా ఓవర్‌టైం ఎంతయింది?’, ‘నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎప్పుడు తిరిగిస్తారు?’, ‘ఈ బాండులో మూడో పేజీ నాకు చూపించలేదేం?’ లాంటివి ఆ ఇంగ్లీషులో పుట్టనే లేదు. నిలబడి మాట్లాడే మాటలన్నీ ఏరి అవతల పారేసి, వంగి మాట్లాడేవి మాత్రం మిగిల్చారు.

ఈ విద్యకు తొంభై రోజులెందుకండీ? మన తాతలు గడీల ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడి, మాస్టారు లేకుండానే నేర్చిన విద్య కదా ఇది! ‘బాంచెన్ నీ కాల్మొక్త దొరా’ అన్న మాటకు ఇస్త్రీ చేసి టై కట్టారు. దొరల వెట్టి పడలేక, కరువు పడలేక పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి బొంబాయి రైలెక్కిన వాళ్ళ మునిమనవడికి అదే మాటను ఇంగ్లీషులో, వాయిదాల మీద అమ్ముతున్నారు. రసీదు కూడా ఇస్తున్నారు. దొర గడీలో ఆ సౌకర్యం ఉండేది కాదు.

వెనకటికి ర్యాపిడెక్స్ అని ఒక లావుపాటి పుస్తకం ఉండేది. కపిల్‌దేవ్ బొమ్మతో ప్రకటనలు వచ్చేవి. ఆ పుస్తకం చదివి ఎంతమంది మాట్లాడారో కపిల్‌దేవ్‌కే తెలియాలి గానీ, ఒక మేలుండేది. నష్టం పుస్తకం ఖరీదుతో ఆగిపోయేది, ఇంట్లో గొలుసు కుదువ పెట్టించేది కాదు.

చాల్‌లో ఒక సాయంత్రం ఇలా గడుస్తుంది. గ్యాలరీలో ఉతికిన యూనిఫాం చొక్కా ఆరేసి ఉంటుంది. ఒకప్పుడు చేటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టిన చేతులతో తల్లి రొట్టె కాలుస్తూ అడుగుతుంది.

“ఇయ్యాల ఏం నేర్పిండ్రు రా బిడ్డా?”

“టర్న్‌డౌన్ సర్వీస్ అమ్మా.”

“గదేందిరా?”

“పొద్దుగూకినంక గెస్టు రూముకు పోయి, మంచం మీది దుప్పటి ఒక మూల మడిచి, మెత్త మీద చాక్లెట్ పెట్టొస్తరు.”

తల్లి రొట్టె తిరగేస్తుంది. “గా దుప్పటి మడిసెతందుకు ఇరవై వేలు కట్టినమా?”

ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద ఇన్‌స్టిట్యూట్ల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు కూడా జవాబు చెప్పలేరు. పైగా ఆ తల్లికి తెలియని ముక్క ఇంకొకటుంది. ఇంత ఇంగ్లీషు నేర్పి కుర్రవాణ్ణి పంపేది ఫ్రంట్ ఆఫీసుకు కాదు. అక్కడ కాన్వెంటు గొంతుకలు నిలబడతాయి. ఇతన్ని పంపేది హౌస్‌కీపింగ్‌కు. అక్కడ మాట్లాడటానికి మనిషి దొరకడు. చాలావరకు గది ఖాళీగా ఉన్నప్పుడే లోపలికి వెళ్ళాలి, మనిషి ఉంటే తరవాత రావాలి. మూడు నెలల ఇంగ్లీషంతా తలుపు పిడికి వేలాడే ‘డు నాట్ డిస్టర్బ్’ అట్టముక్క చదవడానికి పనికొస్తుంది.

ఉచితంగా నేర్పే ఏర్పాట్లు లేకపోలేదు. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లోనే ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ అని ఒక పథకం పెట్టింది. ఎనిమిదో తరగతి గట్టెక్కినవాళ్ళకు కూడా వంట, వడ్డన, హౌస్‌కీపింగ్ నేర్పి, చేతిలో కొంత స్టైపెండ్ పెట్టే పథకం. ఇక దాదర్‌లో, వీర్ సావర్కర్ మార్గ్ మీద, 1954లో మొదలైన హోటల్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దేశంలో ఈ చదువుకు పునాది వేసిన సంస్థ అది. ముంబై సెంట్రల్‌లో లోకల్ ఎక్కితే పావుగంటలో దాదర్. కానీ దాని ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషుకు ఒక భాగం ఉంటుంది, లెక్కలకు ఒక భాగం, తర్కానికి ఒక భాగం. అంటే ఆ తలుపు తెరుచుకోవాలంటే చదివి అర్థం చేసుకునే ఇంగ్లీషు కావాలి. మెట్ల గోడ మీద ఆ పరీక్ష తేదీ ఎవరూ అతికించరు. అతికిస్తే ‘సర్టెన్లీ సర్’ దుకాణాలు మూసుకోవలసి వస్తుంది.

ఓడ సంగతీ అంతే. కాగితం మీద ఓడ తెల్లగా, అందంగా ఉంటుంది. నిజంగా ఓడ ఎక్కాలంటే ఎస్‌టీసీడబ్ల్యూ శిక్షణ కావాలి. మంటలార్పడం, నీళ్ళలో ప్రాణం దక్కించుకోవడం, దెబ్బ తగిలినవాడికి మొదటి సాయం చేయడం. చాలా కంపెనీలు మార్లిన్స్ అనే ఇంగ్లీషు పరీక్ష కూడా పెడతాయి. విన్నది అర్థమైందా, అంకెలూ వేళలూ తప్పు లేకుండా పట్టుకున్నావా, చెప్పింది ఎదుటివాడికి తెలుస్తోందా అని చూస్తారు. ఓడలో నిప్పంటుకున్నప్పుడు ‘మై ప్లెజర్ మేడమ్’ ఎవరికీ అక్కరకు రాదు. ఓడ బొమ్మ వేసిన కాగితాల్లో ఈ రెండు పేర్లూ వెతికి చూడండి.

టికెటింగ్ కోర్సు మరీ ముచ్చట. మునిసిపల్ తెలుగు బడిలో ‘అ’ అంటే అమ్మ, ‘ఆ’ అంటే ఆవు అని మొదలుపెట్టిన పిల్లవాడు ఇక్కడ మళ్ళీ అక్షరాభ్యాసం చేస్తాడు. ఏ అంటే ఆల్ఫా, బి అంటే బ్రావో, టి అంటే టాంగో, డబ్ల్యూ అంటే విస్కీ. కల్పించి రాస్తున్నానని అనుకోకండి, ఫోనులో పేరు చెప్పేటప్పుడు తేడా రాకుండా విమానాలవాళ్ళు ప్రపంచమంతటా వాడే వరస అది. సరస్వతీ కటాక్షం చివరికి విస్కీ దాకా తెచ్చింది. ఊరి పేరు బొంబాయి కాదు ముంబై అని 1995లో మార్చారు, బోర్డులన్నీ మార్పించారు. విమానం టికెట్ మీద మాత్రం ఇప్పటికీ బీ ఓ ఎమ్. బ్రావో, ఆస్కార్, మైక్. రాజకీయం ఎంత గట్టిగా అరిచినా కంప్యూటర్‌కు వినబడలేదు. కుర్రవాడి పేరు యెల్లయ్య అయితే చొక్కా మీది పేరు బిళ్ళకు అది ‘కొంచెం భారీగా’ ఉందని, అలెక్స్ అంటే అతిథులకు నోరు తిరుగుతుందని సలహా ఇస్తారు. యెల్లమ్మ తల్లికి మొక్కి కన్న కొడుకు, ఏ చర్చి గడపా తొక్కకుండానే, లంచ్ టైముకల్లా అలెక్స్ అయిపోతాడు.

ఇక ఇంటర్వ్యూ. ఏదో ఒక పెద్ద హోటలు అనుకోండి, పేరుతో పనిలేదు. కుర్రవాడికి ఇంట్లో తెలంగాణ తెలుగు వచ్చు, గల్లీలో మరాఠీ, బజారులో బంబయ్యా హిందీ, నాగ్‌పాడా స్నేహితులతో ఉర్దూ. కిరాణా సేఠ్ దగ్గర గుజరాతీలో లెక్క అప్పజెప్పగలడు. ఇంటర్వ్యూ చేసే మేడమ్‌కు ఇంగ్లీషు పూర్తిగా, హిందీ సగం వచ్చు. అంటే ఒకటిన్నర భాష వచ్చినావిడ నాలుగున్నర భాషలు వచ్చినవాడి కాగితం మీద ‘కమ్యూనికేషన్: పూర్’ అని రాస్తుంది. రాసి, ఎక్కడుంటావని అడుగుతుంది.

“కామాటిపుర, మేడమ్.”

అక్కడ కలం ఆగుతుంది. ఆవిడ ముఖంలో ఇన్‌స్టిట్యూట్ నేర్పించని నవ్వు ఒకటి వస్తుంది. అందుకే ఈ గల్లీల పిల్లలు బయోడేటాలో ‘నియర్ ముంబై సెంట్రల్’ అని రాయడం ఎప్పుడో నేర్చుకున్నారు. పిన్‌కోడ్ 400008 ఒకటే కాబట్టి పోస్ట్‌మాన్‌కు ఇబ్బంది లేదు. పెళ్ళి సంబంధాలకు కూడా ఈ చిరునామానే వాడతారు.

కామాటిపుర అని పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన వాళ్ళెవరో కాస్త చూద్దాం. గవర్నర్ హార్న్‌బీ కాలంలో, 18వ శతాబ్దం చివర, వర్లీ వైపు సముద్రానికి అడ్డకట్ట పడ్డాక ఈ పల్లపు నేల ఆరింది. దాని మీద ఇళ్ళు వేసుకున్నవాళ్ళు నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలు, కామాటీలు. బురదలో పేటను నిలబెట్టి, ఆ తర్వాత ఊరిని నిలబెట్టడానికి తట్ట నెత్తిన పెట్టుకున్నారు. 1860లలో కోట గోడలు కూల్చి బొంబాయి కొత్త ఒళ్ళు తొడుక్కున్నప్పుడు లేచిన రాతి మేడల దగ్గర రాయి మోసిన చేతుల్లో, సున్నం దంచిన చేతుల్లో వాళ్ళవీ ఉన్నాయి. 1878లో పూర్తయిన రాజాబాయి టవర్, అదే ఏడు మొదలై పదేళ్ళు సాగిన విక్టోరియా టెర్మినస్ (వీటీ), అలాంటి మేడలతో ఊరు నిండింది. కూలీలే కాదు, కాంట్రాక్టర్లూ మనవాళ్ళు ఉన్నారు. ప్రభాదేవిలో నాగూ సయాజీ వాడి అని ఇప్పటికీ ఒక పేట ఉంది, ఆ సయాజీ తెలుగు కాంట్రాక్టరే. జాయా కరాడి లింగు, వెంకూ బాలోజీ కాలేవార్ లాంటి తెలుగు పెద్దలు జోతీరావ్ ఫూలే సత్యశోధక సమాజానికి ముంబైలో అండగా నిలబడ్డారు. 1888లో ఇదే ఊళ్ళో, మాండవి కోళీవాడలో, ఫూలేకు మహాత్మ అన్న బిరుదు ఇచ్చారు.

విక్టోరియా టెర్మినస్ నక్షా గీసినవాడు ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్. అతనికి తెలుగు రాదు, కామాటీకి ఇంగ్లీషు రాదు. అయినా కమాను నిలబడింది, గుమ్మటం నిలబడింది, నూట ముప్పై ఏళ్ళకు పైగా రైళ్ళు అదిరిస్తున్నా కదలలేదు. అప్పుడు ఎవరూ కూలీ కాగితం మీద ‘కమ్యూనికేషన్: పూర్’ అని రాయలేదు. కట్టడానికి అక్కరలేని ఇంగ్లీషు, కట్టినదాన్ని వేలెత్తి చూపించడానికి మాత్రం తప్పనిసరి అయింది.

2004లో యునెస్కో ఆ స్టేషన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2018లో ఓవల్ మైదానం చుట్టూ ఉన్న గోథిక్, ఆర్ట్ డెకో మేడలనూ చేర్చింది. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే వారసత్వ నడకలు జోరందుకున్నాయి. నార కుర్తా, నీళ్ళ సీసా, మెడలో చిన్న స్పీకరు ఉన్న గైడు ముందు నడుస్తాడు. స్టీవెన్స్ పుట్టిన ఊరు చెబుతాడు, రాణిగారి విగ్రహం ఎక్కడికి పోయిందో చెబుతాడు, గోడ మీది రాతి నెమలికి ఎన్ని ఈకలో చెబుతాడు. రాళ్ళెవరు మోశారని అడిగితే ‘లోకల్ లేబర్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. చాలా మంచి ఇంగ్లీషు. ఆ రెండు ముక్కల్లోని ‘లేబర్’ మునిమనవడు అదే వేళకు, అక్కడికి కూతవేటు దూరంలో, ఏదో ఒక గదిలో దుప్పటి మూల మడుస్తూ ఉంటాడు.

కామాటిపురకు టూరిస్టులు రారనుకోకండి. వస్తారు. కిటికీ సగం దించిన టాక్సీలో వస్తారు, కెమెరా ముందు, మనిషి వెనక. బ్రిటిషు కాలంలోనే ఈ గల్లీల్లో పాతుకున్న వ్యాపారం కోసం, లేదా దాని మీద రాయడం కోసం, లేదా దాన్ని చూసి తాము ఎంత దయగలవాళ్ళమో తెలుసుకోవడం కోసం వస్తారు. 1981లోనే అమెరికా నుంచి వచ్చి మేరీ ఎలెన్ మార్క్ తీసిన ఫొటోల పుస్తకం పక్క వీధి ఫాక్‌లండ్ రోడ్ పేరుతో అచ్చయింది. 2022లో గంగూబాయి సినిమా వచ్చింది, సెట్టు వేసి కామాటిపుర అన్నారు. సాహిత్యం మీద మక్కువ ఉన్నవాళ్ళు ఉర్దూ కథకుడు మంటో పేరు చెబుతారు, మరాఠీ కవి ధసాల్ పేరు చెబుతారు. ఆ గల్లీల్లో మోసపోయి, అమ్ముడుపోయి వచ్చిన ఆడవాళ్ళ బతుకు చిన్న విషయం కాదు. దాన్ని పక్కకు పెట్టమనడం నా ఉద్దేశం కాదు. కానీ అదే గల్లీలో బతుకమ్మ పేర్చిన ఇళ్ళున్నాయి, బోనమెత్తిన ఇళ్ళున్నాయి, రాత్రి మూడింటికి లేచి నల్లా దగ్గర వరస కట్టిన ఇళ్ళున్నాయి. వాటి ముందు టాక్సీ ఆగదు. ఇప్పుడు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పేటంతా కూల్చి కొత్త టవర్లు కట్టే పనిలో ఉంది. అప్పుడు ఈ గల్లీల పేరు మీద మ్యూజియం కేఫ్ ఒకటి వస్తుందని, అందులో గైడు చక్కటి ఇంగ్లీషులో ‘ఇక్కడ ఒకప్పుడు తెలుగువాళ్ళు ఉండేవారట’ అంటాడని పందెం కాస్తాను.

సరే, ఇంగ్లీషు ఎవరి కోసం నేర్చుకుంటున్నామో కాసేపు లెక్క చూద్దాం. 2019లో దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు 1.09 కోట్ల మంది. ఆ ఏడాది దేశం లోపల మనవాళ్ళు చేసిన పర్యటనలు 232 కోట్లు. ఒకటి మనుషుల లెక్క, ఇంకొకటి ప్రయాణాల లెక్క, ఒకే తక్కెడలో పెట్టకూడదని పండితులు అనొచ్చు. ఏ తక్కెడలో పెట్టినా పళ్ళెం ఎటు మొగ్గుతుందో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. పోనీ ఆ విదేశీయులైనా అందరూ ఇంగ్లీషు దొరలా? ఆ ఏడు అందరికంటే ఎక్కువమంది వచ్చింది బంగ్లాదేశ్ నుంచి. అమెరికా, బ్రిటన్ వెనకబడ్డాయి. ఆ లెక్కన మెట్ల గోడ మీద ‘తొంభై రోజుల్లో బెంగాలీ’ అన్న కాగితం ఉండాలి.

ఈ దేశంలో టూరిజం అనే పొయ్యి రాజేస్తున్నది మొక్కుబళ్ళు. షిర్డీ వెళ్ళి చూడండి. బస్సు దిగగానే “రండమ్మా రండి, రూము ఉంది, దర్శనం ఉంది, శని శింగణాపూర్ పోయొద్దాం” అని మరాఠీ ఆటోవాలా తెలుగులో చుట్టుముడతాడు. దుకాణాల మీద తెలుగు బోర్డులు, హోటళ్ళలో పప్పుచారు, పచ్చడి. 1986లో ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’ సినిమా ఆడినప్పటి నుంచి తెలుగునాట ఊరూరా బాబా గుళ్ళు వెలిశాయి, రైళ్ళు నిండాయి. సికింద్రాబాద్ నుంచి అజంతా ఎక్స్‌ప్రెస్, కాకినాడ నుంచి నేరుగా షిర్డీ రైలు. ఆ ఆటోవాలా ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ తెలుగు నేర్చుకోలేదు. అతని తెలుగులో విభక్తులు తప్పుతాయి, బేరం మాత్రం తప్పదు. పొట్ట కోసం ఎదుటివాడి భాష నేర్చుకున్నాడు, ఎదుటివాడి ముందు వంగడం నేర్చుకోలేదు. కిరాయి నచ్చకపోతే “పోండి సార్, నడిచి పోండి” అని కూడా తెలుగులోనే అంటాడు. ఇన్‌స్టిట్యూట్లు నేర్పని వాక్యం అదీ!

ఆ షిర్డీ భక్తుల్లో చాలామంది అక్కణ్ణించి ముంబై వస్తారు. సిద్ధివినాయక్, మహాలక్ష్మి, గేట్‌వే, తాజ్ ముందు ఫొటో. సిద్ధివినాయకుడి గుడి ఉన్నది నాగూ సయాజీ పేరు మిగిలిన ఆ ప్రభాదేవిలోనే. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ నీళ్ళలా వచ్చి, ఈ ఊరి ప్రతి మలుపూ తెలిసిన పిల్లలు కామాటిపురలో, వర్లీ బీడీడీ చాల్‌లలో, ప్రభాదేవిలో వందల్లో ఉన్నారు. ఇంకేం, కూడూ గుడ్డా దొరికినట్టే కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. ఒకసారి హోటల్లో మన అలెక్స్ వడ్డిస్తున్నాడనుకోండి. హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటోంది. “వీడికి చెప్పు, నీళ్ళు చల్లగా ఉన్నవి తెమ్మను” అన్నారు. మనవాడు ముఖం విప్పార్చుకుని, “తెస్తున్నా సార్, మీది ఏ ఊరు?” అన్నాడు. తెలుగు సారు ముఖం ముడుచుకుని, “ప్లీజ్ గెట్ మీ కోల్డ్ వాటర్” అన్నాడు. ఇంగ్లిష్‌వాడు వెళ్ళి డెబ్భై ఏళ్ళు దాటింది, వాడి కుర్చీ ఖాళీగా ఉంచడం ఇష్టం లేక మనవాళ్ళే కూర్చున్నారు.

ఈ కథలో మునిసిపాలిటీ పాత్ర కూడా ఉంది. ముంబై మునిసిపాలిటీ ఎనిమిది మాధ్యమాల్లో బళ్ళు నడుపుతుందని గొప్పగా చెప్పుకుంటుంది, అందులో తెలుగు ఒకటి. తెలుగు తరగతుల్లో పిల్లలు ఏటేటా పల్చబడ్డారు. ఉన్న బళ్ళకు ‘ముంబై పబ్లిక్ స్కూల్’ అని ఇంగ్లీషు పేరు పెట్టారు. పేరు మారితే ఇంగ్లీషు వచ్చేస్తుందని పై అధికారుల నమ్మకం కాబోలు. తెలుగు బడిలోనే ఇంగ్లీషును ఒక సబ్జెక్టుగా గట్టిగా, పత్రిక చదివి అర్థం చేసుకునేంతగా, దరఖాస్తు రాసి జవాబు రాబట్టేంతగా నేర్పి ఉంటే మెట్ల గోడ కాగితాలకు గిరాకీ ఎక్కడిది? అక్కడ నేర్పకపోవడం ఉచితం, ఇక్కడ నేర్పినట్టు నటించడం ఇరవై వేలు.

మన సంఘాల మాట కూడా అనేస్తే పని అయిపోతుంది. ఉగాదికి శాలువా, దసరాకు శాలువా, ఊరి నుంచి మంత్రి వస్తే ఇంకో శాలువా. ముంబైలో తెలుగువాళ్ళ చరిత్ర గొప్పదని సభల్లో చెబుతారు, వినేవాళ్ళందరూ తెలుగువాళ్ళే. గేట్‌వే మేమే కట్టామని ఒకరికొకరు చెప్పుకుని చప్పట్లు కొట్టుకుని ఇంటికెళతాం. ఆ కథ వినవలసినవాడు వీటీ స్టేషన్ ముందు కెమెరా పట్టుకుని నిలబడ్డాడు, వాడికి మన సభ ఆహ్వానం అందలేదు. ఒక్క శాలువా ఖర్చు మానుకుని ఇంగ్లీషులో పదిహేను పేజీలు రాయించి, నలుగురు పిల్లల చేత అప్పజెప్పించి, ఆదివారం పొద్దున వీటీ దగ్గర నిలబెట్టి ఉంటే ‘లోకల్ లేబర్’ అన్న ఆ రెండు ముక్కలకు ఈపాటికి పేర్లు వచ్చి ఉండేవి. కేంద్ర పర్యాటక శాఖ 2020లో టూరిస్ట్ ఫెసిలిటేటర్ కోర్సును ఆన్‌లైన్‌లో పెట్టింది, ఫోనులో చదువుకోవచ్చు. సంఘం ఆఫీసులో కంప్యూటర్ ఉంది, దాని మీద కప్పిన గుడ్డ తీస్తే చాలు.

కాబట్టి ఆర్యులారా, మెట్ల గోడ కాగితం చూసి ఫీజు కట్టబోయే తల్లిదండ్రులారా, ముందు ఆ మాస్టారును రెండు అడగండి. బాండు కాగితం చదివి అర్థం చేసుకోవడం నేర్పుతారా? మా తాత కట్టిన స్టేషన్ గురించి పది నిమిషాలు ఆగకుండా చెప్పడం నేర్పుతారా? రెండిటికీ ‘సర్టెన్లీ మేడమ్’ అన్నాడంటే లేచి వచ్చేయండి.

తెలంగాణ, ఆంధ్రా టూరిజం వాళ్ళకూ ఒక విన్నపం. మీ షిర్డీ ప్యాకేజీలకు ముంబై ఒక రోజు కలిపితే, గైడును కామాటిపుర నుంచో ప్రభాదేవి నుంచో తీసుకోండి. షిర్డీ మొక్కు తీర్చుకుని ముంబై మీదుగా తిరిగెళ్ళే పాఠకులకు నాదొక్కటే మాట. ఆ పిల్లవాడు మీతో తెలుగులో మాట్లాడతాడు. మీరూ తెలుగులోనే జవాబు చెప్పండి, ఇంగ్లీషు గైడుకు ఎంత ఇస్తారో అంతా ఇవ్వండి, బేరమాడకండి.